వెర్నా మూయించిన కాలువ

"కదలకు. ఈ కొస గట్టిగా పట్టుకో," అంటూ టేపు ఒక చివర ఆర్విల్ చేతిలో పెట్టి, రెండో చివరతో పడవ వెనక్కి నడిచింది వెర్నా.

ఆర్విల్ ఇంకా తల మీది హెల్మెట్ కూడా తీయలేదు. ఇల్లినాయ్ నదిలో మోటారు చప్పుడైతే చాలు, కార్ప్ చేపలు బెదిరి మనిషెత్తు ఎగురుతాయి. పోయిన వేసవిలో ఒకటి మూతి మీద కొట్టి ముందుపన్ను ఊడగొట్టింది. అప్పట్నుంచీ మనవడి పాత ఫుట్‌బాల్ హెల్మెట్ లేనిదే అతను నది దాటడు.

"నా పడవ కొలతలు నీకెందుకు?"

"కాలువ మూసే పనికి కావాలి. వెడల్పు కూడా చెప్పు."

ఆర్విల్ చెప్పాడు గానీ మనసు చివుక్కుమంది. నది అవతలి ఒడ్డున ఉండే అతనికి, సరస్సు పక్కనున్న వెర్నా ఇంటికి రావాలంటే నదిని విల్లో సరస్సుతో కలిపే ఆ పిల్లకాలువే దారి. చూపు మందగించి కారు అమ్మేశాడు. వంతెన చూస్తే ఎక్కడో దిగువన ఉంది. భార్య పోయాక అతనికి మిగిలిన సంబరమల్లా శనివారం. ఆ రోజు కాలువ గుండా వచ్చి, పీచ్ పండ్లు కూరి వెర్నా కాల్చిన తీపి ‘పై’ తిని, పేకాటలో ఆమె చేతిలో ఓడిపోవడమే.

ఒక మాట అడగాలని మూడేళ్లుగా అనుకుంటున్నాడు. ఆమె కూడా ఒంటరిదే. తీరా మాట నాలుక చివరికి వచ్చేసరికి ధైర్యం చాలేది కాదు. "చీకటి పడితే ఎగిరే చేపలు కనబడవు, వెళ్లొస్తా," అని హెల్మెట్ తగిలించుకుని పారిపోయేవాడు.

ఇప్పుడా వెర్నాయే సరస్సు కమిటీకి అధ్యక్షురాలై ఇంటింటికీ తిరుగుతోంది. నదిలో మిగతా చేపల నోటికాడి తిండిని కార్ప్‌లు ఊడ్చేశాయి. నిరుడు కాలువ మొగలో కూడా ఒకటి దొరికింది. నదికీ సరస్సుకీ సంబంధం తెగితే తప్ప లాభం లేదని ఆమె వాదన. ఆ వాదనలో తప్పు పట్టడానికి ఆర్విల్‌కి ఏమీ దొరకలేదు. అదే అతని బాధ.

"ఏం పెళ్లికొడకా!" అన్నాడు ఎరల కొట్టు డ్వేన్. "మగాడు వస్తుంటే తలుపేసుకున్న ఆడవాళ్లని చూశాను గానీ, ఏకంగా కాలువకే గోడ కట్టించేదాన్ని ఇప్పుడే చూస్తున్నా."

"నోర్మూసుకుని వానపాములమ్ముకో," అన్నాడు ఆర్విల్. ఆ రాత్రి అన్నం మాత్రం సయించలేదు.

ఫైర్ స్టేషన్ హాల్లో మీటింగు పెట్టారు. "ఇప్పుడీ కాలువ వాడుతున్నది ఆర్విల్ గారొక్కరే. ఆయన వద్దంటే పని వచ్చే ఏడాదికి వాయిదా వేస్తాం," అన్నాడు జిల్లా ఆఫీసరు.

అందరి తలలూ ఆర్విల్ వైపు తిరిగాయి. వెర్నా మాత్రం తలెత్తకుండా స్వెట్టరు అల్లుకుంటోంది. ఆర్విల్ చెయ్యి సగం దాకా లేచింది. ఆ నీళ్లంటే ఆమెకెంత ప్రాణమో అతనికి తెలుసు. లేచిన చేత్తో తల గోక్కున్నాడు.

"మూసేయండి. నా పన్ను పోయింది చాలు, సరస్సు కూడా పోవడమెందుకు?"

హాలంతా నవ్వింది. వెర్నా అల్లికలో ఒక ముడి జారిపోయింది.

గోడ దించే రోజు శనివారమే పడింది. పొద్దున్నే వెర్నా ఫోన్ చేసింది. "ఆఖరిసారి కదా, పడవలోనే రా. పడవ అడుగున చేరిన నీళ్లు నదిలోనే తోడి పోసెయ్. ఒక్క చేపపిల్ల కూడా నాకొద్దు."

వచ్చాడు. కాలువ గట్టున క్రేన్ ఇనుప పలకలు పట్టుకుని నిలబడి ఉంది. వెర్నా ఇంటి వెనక, సరస్సు అంచున, విల్లో చెట్ల కింద దేనికో తార్పాలిన్ కప్పి ఉంది. గోడకి తెచ్చిన సామాను కాబోలు అనుకున్నాడు.

పీచ్ ‘పై’ తిన్నారు. పేకాడారు. ఆర్విల్ కిటికీలోంచి క్రేన్ వైపే చూస్తున్నాడు.

"మూసేలోగా నేను బయటపడాలి."

"క్రేన్ వాడింకా కాఫీ తాగుతున్నాడు. ఇంకో ముక్క తిను."

తిన్నాడు. వెర్నా మళ్లీ పేకముక్కలు పంచింది. ఆ రోజెందుకో వరసగా అతనే గెలుస్తున్నాడు. గెలిచే ఆట వదిలి ఎవరు లేస్తారు?

ధన్‌మని నేల అదిరింది. డ్వేన్ పరుగెత్తుకొచ్చాడు. "పెద్దాయనా! గోడ దిగిపోయింది! నీ పడవ ఇటువైపే ఉండిపోయింది!"

"చూశావా! పెందలాడే బయల్దేరమని ఎన్నిసార్లు మొత్తుకున్నాను!" అని వెర్నా కసిరింది.

ఆర్విల్ బిత్తరపోయి, అలవాటుగా హెల్మెట్ అందుకున్నాడు. "చీకటి పడుతోంది, చేపలు ఎగురు..." అని మధ్యలోనే ఆగిపోయాడు.

"ఎగరవు. గోడ కట్టాంగా," అంది వెర్నా.

ఆర్విల్ హెల్మెట్‌ని చేతుల్లో అటూ ఇటూ తిప్పాడు. వంక పెట్టడానికి మరేదీ మిగల్లేదు. "మరి... పడవ ఎక్కడ కట్టను?" అన్నాడు, అడగాల్సిన మాట వదిలేసి.

వెర్నా విల్లోల కిందికి నడిచి తార్పాలిన్ లాగేసింది. కింద, ఒక్క పడవ పట్టేంత, దేవదారు వాసన ఇంకా పోని కొత్త చెక్కల రేవు. పక్క గుంజకి హెల్మెట్ తగిలించుకునేందుకు మేకు. ఆర్విల్ పడవని మెల్లగా అందులోకి తోశాడు.

అంగుళం తేడా లేకుండా సరిపోయింది.