తెర అవతల పురుడు

"మేం బస్సెక్కి ఇంత దూరం వస్తే, మాకు వీపు చూపించి ఆ తెరతో మాట్లాడతారేంటి నర్సమ్మా?" ముందు వరుసలో కూర్చున్న కాబోయే అమ్మమ్మ గయ్యిమంది.

నర్సమ్మ బొమ్మపాపని చంకనేసుకుని గిర్రున ఇటు తిరిగింది.

"ఇప్పుడు మాకు మీ జడ తప్ప ఏమీ కనపడటం లేదు!" తెరలోంచి ఎవరో గోలపెట్టారు.

గదిలో పన్నెండుమంది, ఆన్‌లైన్‌లో తెర మీద తొమ్మిదిమంది. కాన్పుకి సాయం చెయ్యడం ఎలాగో రెండు గుంపులకీ ఒకేసారి నేర్పడం ఆవిడకిదే మొదలు. పొద్దుట్నుంచీ బొంగరంలా తిరుగుతూనే ఉంది.

ఇంతలో, మొహం చూపించని ఒకాయన తెరలోంచి కేకేశాడు. "అమ్మా! మా బుజ్జమ్మకి నొప్పులొచ్చేశాయి! ఇప్పుడే!"

నర్సమ్మ ఒక్క అంగలో తెర ముందుకొచ్చింది.

"కంగారుపడకు బాబూ. అంబులెన్స్‌కి ఫోన్ చేశావా?"

"చేశానమ్మా. నవ్వి పెట్టేశారు."

"వాళ్ల నోళ్లు పడిపోను!" అంది కాబోయే అమ్మమ్మ. "మొగుడేడీ?"

"వాడా? కడుపు చేసి పోయాడు. మళ్లీ ఇటు తొంగి చూడలేదు."

పళ్లు పటపట కొరుకుతూ ఆవిడ నర్సమ్మ పక్కకొచ్చి నిలబడింది. మిగతావాళ్లూ కుర్చీలు తోసుకుంటూ వచ్చి తెర చుట్టూ మూగారు.

"అమ్మా! కాళ్లు ముందొస్తున్నాయి!"

నర్సమ్మ బొమ్మపాపని పక్కన పడేసింది. అలాంటి కాన్పంటే ఆసుపత్రిలోనే ఆవిడకి చెమటలు పట్టేవి.

"లాగొద్దు! నీ అడ్రసు చెప్పు, డాక్టర్ని పంపిస్తా!"

"టైం లేదమ్మా, వచ్చేస్తోంది!"

"అయితే చేతులు కడుక్కో. తనే ముక్కుతుంది. కింద పడకుండా పట్టుకో, అంతే!"

అందరూ తెరవైపు మెడలు చాచారు. తెరలోంచి సన్నగా ఏడుపు.

గదీ తెరా ఒక్కసారే చప్పట్లతో మోగిపోయాయి.

"ఇంకోటి కూడా ఉందమ్మోయ్!"

మరో ఏడుపు. కాబోయే అమ్మమ్మ నర్సమ్మని వాటేసుకుని రెండు చుట్లు తిప్పేసింది. తెరలో ఎవరో ఈల వేశారు. ముక్కూ మొహం తెలియనివాళ్లంతా ఒకరికొకరు శుభాకాంక్షలు చెప్పేసుకుంటున్నారు.

నర్సమ్మ కళ్లు తుడుచుకుంది. "త్వరగా మెత్తటి గుడ్డతో ఒళ్లు తుడిచి, తల్లికి ఆనించి పడుకోబెట్టు బాబూ!"

"తుడవక్కర్లేదమ్మా, మా మేక బుజ్జమ్మే శుభ్రంగా నాకేసింది. పెద్దది అప్పుడే లేచి గంతెయ్యబోయింది కూడా!"