నాలుక ముఖ్యం

ప్రకటనలో మూడే ముక్కలున్నాయి. వంటమాస్టర్ కావాలి. జీతం రెట్టింపు. నాలుక ముఖ్యం.

ఆ మూడో ముక్క దగ్గరే మనవాడి గుండె జారింది. వంటలో చెయ్యి తిరిగినవాడే. నాలుకా ఉంది. మాట్లాడటానికి, పెదాలు తడుపుకోవడానికి బాగానే పనికొస్తుంది. రుచి మాత్రం తెలీదు. మూడేళ్ల కిందట ఒక మాయదారి జ్వరం వచ్చి, పోతూ పోతూ దాన్ని కూడా పట్టుకుపోయింది.

ఈ సంగతి భార్యకి తప్ప ఎవరికీ తెలీదు. చిన్న ఊళ్లో ఇద్దరూ ఒకే హోటల్లో పనిచేసేవాళ్లు. ఆవిడ పక్కనే కూర్చుని కూరగాయలు తరుగుతూ ఓ చుక్క నాలుక మీద వేసుకునేది. ఒకసారి దగ్గితే ఉప్పు చాల్లేదని, రెండుసార్లు దగ్గితే సరిపోయిందని. పాపం ఆ దగ్గు తగ్గట్లేదని యజమాని మందు కూడా తెచ్చిచ్చాడు. చివరికి ఆ హోటలే మూతపడింది.

పెద్ద నగరానికి వచ్చి నలభై రోజులైంది. కిటికీ లేని గది, ఇద్దరు పిల్లలు, ఇంకా విప్పని మూటలు. భార్య కుట్టుమిషను అమ్మితే వచ్చింది ఈ వారంతో సరి. ఎక్కడికెళ్లినా ఒక్కడికే పని, జంటగా కుదరదన్నారు. ఒక్కడే చేరిన రెండు చోట్లా మధ్యాహ్నానికే పంపేశారు.

"ఇదీ పోతే?" అన్నాడు చెప్పులేసుకుంటూ.

"పోదు. కొలతలన్నీ గుర్తున్నాయిగా? వెళ్లిరా."

"నా నాలుకని ఇంట్లో వదిలేసి వెళ్లమంటావేంటే?"

ఆవిడ నవ్వలేదు. చిన్నవాడి చొక్కాకి చేత్తోనే గుండీ కుడుతోంది.

ప్రకటన ఇచ్చిన హోటల్ వంటగదిలో వాళ్ల పాత హోటల్ మొత్తం పట్టేస్తుంది. పెద్ద మాస్టర్‌కి అరవై దాటుంటాయి. ఇస్త్రీ నలగని తెల్లకోటు, జేబులో వెండి చెంచా. చుక్క తగిలితే చాలు, వేసిన దినుసులన్నీ వరసగా చెప్పేస్తాడని ఆయనకి పేరు. ఓ మూల ఒక పెద్దావిడ ఉల్లిపాయలు తరుగుతోంది.

"ఈ సూప్ రుచి చూసి లోపమేంటో చెప్పాలి. ఒక్క మాటే. రెండో ఛాన్సు లేదు," అన్నాడు పెద్ద మాస్టర్.

ముందున్నతను మిరియాలు తక్కువన్నాడు. అతనికి తలుపు చూపించారు. తర్వాతతను పులుపు ఎక్కువన్నాడు. అతనికీ తలుపే.

మనవాడి వంతు వచ్చింది. ఓ చెంచా పోసుకున్నాడు. వేడినీళ్లు. ఇంకో చెంచా. వేడినీళ్లే. ఏమైనా దొరుకుతుందేమోనని పెద్ద మాస్టర్ మొహంలోకి చూశాడు. ఆయనా రెప్ప వెయ్యకుండా ఇతని మొహంలోకే చూస్తున్నాడు. కిటికీ లేని గది కళ్ల ముందు తిరిగింది. ఇంత మనిషికీ ఏడుపొచ్చేలా ఉంది.

చూపు తిప్పుకుంటే మూలనున్న పెద్దావిడ కనిపించింది. ఆవిడ ముందు కూడా అదే సూప్, చిన్న కప్పులో. ఆవిడ చెంబెత్తి గటగటా నీళ్లు తాగుతోంది. ఇతను వచ్చాక ఇది మూడోసారి.

"ఉప్పు... ఎక్కువైందండీ."

పెద్ద మాస్టర్ ఓసారి మూలకేసి చూశాడు. పెద్దావిడ చెంబు కింద పెట్టి మళ్లీ ఉల్లిపాయల్లో పడింది.

"రేపు పొద్దున్నే వచ్చెయ్," అన్నాడాయన.

మనవాడి కాళ్లు నేల మీద ఆనలేదు. మరుక్షణమే లెక్క వేసుకున్నాడు. రేపు సరే, ఎల్లుండో? రోజూ ఎవరో ఒకరు నీళ్లు తాగుతూ కూర్చోరు కదా. తెలిశాక గెంటించుకునే కంటే ఇప్పుడే చెప్పెయ్యడం నయమనిపించింది.

"అయ్యా, మీకొక సంగతి చెప్పాలి..."

"ముందు నా సంగతి విను," అంటూ పెద్ద మాస్టర్ అతన్ని సామాన్ల గదిలోకి లాక్కెళ్లి తలుపు దగ్గరగా వేశాడు. "ఆ మూల కూర్చున్నది మా ఆవిడ. ఇక తనవల్ల కాదట, నెలాఖరుకి మానేస్తానంటోంది."

ఆయన గొంతు బాగా తగ్గించాడు.

"నాకు రుచి తెలీక పదేళ్లయింది నాయనా, రేపట్నుంచి నా నాలుక నువ్వే."