బరువు చూసి కొనాలి

ఆగస్టు 9. పొద్దుటినుంచి ముసురు. కొట్టులో అరలు తుడిచాను.

పది గంటలకు బావ వచ్చాడు. నెల క్రితం తన కంప్యూటర్‌కి నేను బరువైన పవర్ సప్లై డబ్బా చూపిస్తే, చవకదే చాలన్నాడు. నిన్న అది ఢామ్మని పేలి, కంప్యూటర్ మొత్తం కాలిపోయింది.

"బావమరిదివి కదా అని నీ దగ్గర కొంటే ఇల్లు తగలబెడతావట్రా!" అంటూ ఆ మాడిన డబ్బాతోనే నా నెత్తిన మూడుసార్లు బాదాడు. రక్తం చెవిలోకి కారింది.

"తేలిక డబ్బా కాబట్టి బతికాను బావా," అన్నాను. "లోపల సరుకుంటే బరువుంటుందని ఆ రోజే చెప్పాను."

"ఏడిశావ్‌లే. ఆ బరువైనదే తియ్యి."

పై అరలోంచి రెండు చేతులతో తీశాను. ఒక్క దెబ్బే వేశాను.

బావ ఇంకా లేవలేదు. అక్క ఫోన్ రెండుసార్లు మోగింది. కొట్టు ఊడ్చాను.