మూడు నిమిషాల పన్నెండు సెకన్లు

"నా వీడియోలో మూడు నిమిషాల పన్నెండు సెకన్లు కోసేశావమ్మా. మర్యాదగా అవి నాకిచ్చెయ్యి."

రిటైరైన లెక్కల మాస్టారు కూర్చోమన్నా కూర్చోలేదు. పెన్ డ్రైవ్ బల్ల మీద పెట్టి, దాని మీద నుంచి చెయ్యి తియ్యకుండా నిలబడ్డారు.

వీడియో ఎడిటరమ్మకి ఒళ్లు మండింది. పదిహేనేళ్లుగా ఇదే పని చేస్తోంది, ఇంత మాట ఎవరూ అనలేదు. అందులోనూ ఇది, మాస్టారి కూతురు తన పక్కింట్లో ఉండే అమ్మాయి కదా అని, పెళ్లి వీడియోలు పక్కన పెట్టి మరీ చేసిన పని. 'అక్కా, అమ్మ పోయి ఐదు నెలలైంది. అమ్మ కదులుతూ కనబడే వీడియో ఇదొక్కటే. నాన్న కంప్యూటర్లో సరిగ్గా రావడం లేదు, కాస్త బాగుచెయ్యవా' అని ఆ పిల్ల బతిమాలితే కాదనలేకపోయింది.

"నేనేం కొయ్యలేదు మాస్టారూ. మీ మేనల్లుడు దాన్ని సినిమా కెమెరాతో తీశాడు. అలాంటి వీడియో చాలా బరువు, మా మిషన్లకే చెమటలు పట్టిస్తుంది. మీ కంప్యూటర్ ఏం మొయ్యగలదు? అందుకని బరువు తగ్గించి తేలిక కాపీ చేసిచ్చాను. బొమ్మ అదే, మాట అదే."

"బరువు తగ్గించావంటే ఏదో తీసేసినట్టేగా?"

"కంటికి ఆనని వివరాలు కొన్ని పోతాయి. అంతేగానీ నిడివి తగ్గదు."

"తగ్గింది. ఐదు నెలలుగా రోజూ చూస్తున్నాను, నాకు తెలీదా? గోడ గడియారం పెట్టుకుని లెక్క చూశాను. పాతది నాలుగు నిమిషాలు. నువ్విచ్చింది నలభై ఎనిమిది సెకన్లు. తీసివేత నాకు నేర్పకు."

ఆయన గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువ వినిపించింది. ఎడిటరమ్మ తానిచ్చిన వీడియోనే తెర మీద పెట్టింది.

పెరట్లోంచి ఒకావిడ తడి బట్టల బకెట్‌తో వచ్చింది. "నా మొహం తియ్యడమేంట్రా, నీకు పనీపాటా లేదా!" అని కెమెరాకి చెయ్యి అడ్డం పెట్టింది. నాలుగు బట్టలు ఆరేసింది. చీర కుచ్చిళ్లు దులుపుకుని గబగబా గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి ఫక్కున నవ్వి, లోపలికి వెళ్లిపోయింది. నలభై ఎనిమిది సెకన్లు.

"అదిగో! అక్కడే!" మాస్టారు తెర మీద వేలు పెట్టారు. "గుమ్మం దగ్గర నిలబడుతుంది. నవ్వుతూ నిలబడుతుంది. ఆ నిలబడిన ముక్కే లేదు."

ఎడిటరమ్మ అక్కడికి వెనక్కి వెళ్లి, ఒక్కో ఫ్రేమూ కదిపి చూపించింది. "చూడండి, కర్టెన్ ఎలా ఊగుతోందో. మధ్యలో కోత ఉంటే అది ఎగిరిపడినట్టు కనిపించేది. ఆవిడ ఆగలేదు మాస్టారూ."

"అయితే పాతది తియ్యి. అందులో నేను చూపిస్తాను."

ఆమె రెండు డిస్కులూ వెతికింది. తనకి తెలియనిది కాదు. పని పూర్తిచేసి ఇచ్చిన వారానికి బరువు ఫైళ్లన్నీ చెరిపెయ్యడం తన పద్ధతి, లేకపోతే చోటు చాలదు. అయినా ఆయన ముందు మూడోసారి కూడా వెతికింది. లేదు. మాస్టారి కూతురికి ఫోన్ చేసి, స్పీకర్లో పెట్టింది.

"అమ్మాయ్, నాన్నగారి కంప్యూటర్లో పాత వీడియో ఉందా?"

"లేదక్కా. ఆగి ఆగి వచ్చి నాన్నని ఏడిపించుకు తింటోందని నేనే తీసి పారేశాను."

"వీడియో తీసిన మీ బావ దగ్గర?"

"వాడు కెమెరాలో కార్డు ఎప్పుడో తుడిచేసి వేరేది తీసేసుకున్నాడు. ఏమక్కా, కొత్తది బాగా రావట్లేదా?"

మాస్టారు ఫోను మీదికి వంగారు. "బాగా వస్తోందమ్మా. చాలా బాగా వస్తోంది. నువ్వు అన్నం తిను, ఉంటాను."

ఎడిటరమ్మ ఫోన్ పెట్టేసింది. 'ఆగి ఆగి వచ్చి' అన్న మాటతో సంగతేమిటో ఇప్పుడు అర్థమైంది. కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకుని, మెల్లగా చెప్పింది.

"మాస్టారూ, అక్కడ నిలబడింది ఆవిడ కాదు. బరువు మొయ్యలేక మీ కంప్యూటరే నిలబడిపోయేది. బొమ్మ కాసేపు బిగుసుకుని, మళ్లీ కదిలేది. మీరు పోగొట్టుకున్నది ఏమీ లేదు."

మాస్టారు అప్పుడు కూర్చున్నారు. తెర వంక చూశారు. అందులో ఖాళీ గుమ్మం, కర్టెనూ తప్ప ఏం లేవు.

"కంప్యూటరా," అన్నారు చివరికి.

ఆమె మౌస్ అందుకుంది. "దానికేముంది మాస్టారూ, అది నాకు చిటికెలో పని. ఆవిడ నవ్విన చోట మూడు నిమిషాల పన్నెండు సెకన్లు కదలకుండా ఆపి ఇస్తాను. కావాలంటే పది నిమిషాలు ఆపుతాను. ఇప్పుడే, మీ ముందే."

మాస్టారు తల అడ్డంగా ఊపి, పెన్ డ్రైవ్ జేబులో వేసుకుని లేచారు. తలుపు దాకా వెళ్లి ఆగారు.

"నువ్వు ఆపితే ఏం లాభమమ్మా? ముప్పై రెండేళ్ల కాపురంలో ఏనాడూ నా మాట విన్న మనిషి కాదు... ఆ పాతదాంట్లో, 'కాసేపు ఆగవే' అని నేనంటే ఆగేది."