ముక్కులో బరువు

"ఇంకొక్కసారి ఇది పైకి లేసి, దీన్ని చూసి నా జీవాల్లో ఒక్కటి పారిపోయినా సరే, నేరుగా బాయిలో ఏస్తా" అన్నాడు యల్లయ్య.

ఆయన చేతిలో తోక విరిగిన బొమ్మ హెలికాప్టర్ వేలాడుతోంది. ఎదురుగా కొత్త కోడలు అనురాధ రిమోట్ పట్టుకుని బిక్కమొహం వేసుకుని నిలబడింది. ఇందాకే ఆ హెలికాప్టర్ గొర్రెల దొడ్డి మీదికి దూసుకెళ్లి, కంచెకు గుద్దుకుని కూలింది. ఆ దెబ్బకు గొర్రెలన్నీ కంప దూకి రాచర్ల రోడ్డు పట్టాయి. వాటిని పోగేసుకొచ్చేసరికి యల్లయ్యకు తలప్రాణం తోకకొచ్చింది.

కోడలి కళ్లలో నీళ్లు తిరగడం చూసి ఆయన కాస్త మెత్తబడ్డాడు.

"సరే, బాగుచేసుకో. సాయంత్రం జీవాలు ఇంటికొచ్చినాక నా ముందర ఎగిరించు. బెదరకుంటే నీది. బెదిరితే బాయిది."

ఆ మాటనేసి సద్దిమూట భుజాన తగిలించుకున్నాడు. మిద్దె మీద మిరపకాయలు ఎండబెట్టమనీ, పొట్టేలు మెడ గంటకు తెగిన తోలుపట్టా కుట్టిపెట్టమనీ, కుక్కకు సంగటి వేయమనీ భార్య చెంచులక్ష్మికి పనులు పురమాయించి, గొర్రెలను తోలుకుని వెళ్లిపోయాడు.

అనురాధ కళ్లు తుడుచుకుని వసారాలో చాప పరిచింది. పెళ్లికి ముందు ఒక్కొక్క భాగమే తెప్పించుకుని, తన చేత్తో బిగించుకున్న హెలికాప్టర్ అది. అత్తారింటికి వచ్చేటప్పుడు నగలపెట్టె డిక్కీలో పడేసి, దీన్ని మాత్రం ఒళ్లో పెట్టుకుని వచ్చింది. అది బావిపాలైతే తట్టుకోవడం ఆమె వల్ల కాదు.

రెక్కలకు ఇంకో జత పెట్టెలోనే ఉంది. విరిగిన కాళ్లకు బదులు పాత గొడుగు ఊచలు వంచి కట్టింది. తోక గొట్టం దగ్గరే చిక్కొచ్చి పడింది. సంగతి వినగానే చెంచులక్ష్మి చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని మిద్దెక్కి, ఎప్పటిదో టీవీ యాంటెన్నా పీక్కొచ్చింది. కాకులు వాలడానికి తప్ప ఇది దేనికీ పనికిరాలేదని తేల్చేసింది. ఇద్దరూ కలిసి దాని గొట్టం కోసి, చివర బుల్లి మోటారు బిగించి, వైర్లు అతికించారు. ఈ సంబరంలో పొయ్యి మీది పప్పు మాడి బొగ్గయింది. అత్త కోడలి మొహం చూసింది, కోడలు అత్త మొహం చూసింది, ఇద్దరికీ నవ్వాగలేదు.

తీరా రెక్కల ఇరుసు పట్టుకుని ఎత్తి చూస్తే తోక కిందికి వాలిపోయింది. యాంటెన్నా గొట్టం బరువెక్కువ.

"ముక్కులో ఏదన్నా బరువు పెట్టాల అత్తా. లేకుంటే మళ్లా కూలుతుంది."

చెంచులక్ష్మి చింతగింజలు తెచ్చింది, చాలలేదు. పలకరాయి ముక్క తెచ్చింది, పట్టలేదు. చివరికి లోపలికి వెళ్లి, గుడ్డపేలికలో చుట్టిన ఉండ ఒకటి తెచ్చి తనే ముక్కులోకి దూర్చింది. హెలికాప్టర్ ఇటూ అటూ వాలకుండా చక్కగా నిలిచింది. అదేమిటని అడిగే తీరిక అనురాధకు లేకపోయింది. అప్పటికే వీధి మొగదల గొర్రెల అరుపులు వినిపిస్తున్నాయి.

యల్లయ్య మందను దొడ్డి ముందర నిలిపి, కానిమ్మన్నట్టు తలాడించాడు. అనురాధ మీట పైకి నెట్టింది. హెలికాప్టర్ గిర్రున లేచింది. లేవగానే ముక్కులోంచి గణగణమని ఏదో చప్పుడు. స్క్రూ వదులైందేమో అనుకుంది.

గొర్రెలన్నీ ఒక్కసారి తలలెత్తాయి. పొట్టేలు ఒక అడుగు వేసింది. వెనక్కి కాదు, ముందుకు. దాని వెంట మందంతా కదిలింది. అనురాధ కంగారుగా హెలికాప్టర్‌ను ఎడమకు తిప్పితే అన్నీ ఎడమకు తిరిగాయి, కుడికి తిప్పితే కుడికి పరిగెత్తాయి. యల్లయ్య గొంతు చించుకుని కేకేసినా ఒక్కటీ ఆయన వైపు చూడలేదు. చెంచులక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుంది. అనురాధకు భయం పోయి నవ్వు తన్నుకొచ్చింది. హెలికాప్టర్‌ను దొడ్డి మీదుగా పోనిస్తే గొర్రెలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ దొడ్లోకి దూరాయి. దాన్ని మెల్లగా పక్కనున్న గడ్డివామి మీద దించింది.

యల్లయ్య తడిక మూసి వచ్చి, హెలికాప్టర్ ముక్కు విప్పి చూశాడు. వదులైన పేలికలోంచి, మందంతా రోజూ ఏ చప్పుడు వెంట నడుస్తుందో ఆ పొట్టేలు గంట జారి ఆయన అరచేతిలో పడింది.

"పట్టా కుట్టేదానికి తీరిక దొరకలా. బరువు సరిపోయిందని దూర్చినా" అంది చెంచులక్ష్మి, ఎటో చూస్తూ.

"ఒక్కటీ పారిపోలా గదా మామా. ఇంక నాదే గదా?" అంది అనురాధ ఎగిరి గంతేసినంత పని చేస్తూ.

"నీదేలే" అన్నాడు యల్లయ్య. గంట మళ్లీ ముక్కులో పెట్టి, హెలికాప్టర్ ఆమె చేతికిచ్చాడు. తన భుజం మీది గొంగడి తీసి కోడలి భుజాన వేశాడు. ఆ తర్వాత వసారాలో మంచం వాల్చుకుని, తీరిగ్గా కాళ్లు బారచాపి, భార్యను కేకేశాడు.

"ఏమే, రేపట్నించీ సద్ది నాకు గాదు, కోడలికి కట్టు."