ఊదే గ్లాసు

కొత్త కాపురంలో హిమజకి తెగ నచ్చిన వస్తువు ఊదే గ్లాసు. కాఫీకి ముందు అందులోకి ఊపిరి ఊదితే, కడుపులో కాన్సర్ ఉంటే ఎర్రగా, లేకపోతే ఆకుపచ్చగా వెలుగుతుంది. ఏ ఇంట్లోనైనా పెద్దవాళ్ల కోసమే కొంటారు. ఆమె భర్త వినీల్ తాతగారికి రోజూ ఎరుపే. "మాత్ర వేసుకోండి, చాలు" అంటుంది గ్లాసు. ఆయన వేసుకుని హాయిగా ఇడ్లీ తింటారు.

ఆ రోజు కడుపు మంటగా ఉందంటున్న వినీల్ ముందు హిమజ సరదాకి దాన్ని పెట్టింది.

"ముప్ఫై కూడా నిండలేదు, నాకెందుకే? నాది ఉత్త గ్యాసు."

"ఊదకపోతే కాఫీ లేదు!"

వినీల్ నవ్వుతూ ఊదాడు. గ్లాసు ఎర్రబడింది. "ఇవాళే ఆసుపత్రికి వెళ్లండి" అంది.

"అదేంటి తాతయ్యగారూ, మీకెప్పుడూ అలా చెప్పలేదే?" భయపడడం కూడా మరిచి అడిగింది హిమజ.

"నాది నాలాగే కర్ర పట్టుకుని నడుస్తుందమ్మా. కుర్రవాళ్లది పరుగెత్తొచ్చు. పదండి, చెప్పులేసుకోండి."

సాయంత్రం తిరిగొచ్చారు. మచ్చ చిన్నదేనట, ఇంకా పాకలేదట, తీసేస్తారట. హిమజ ఏడుస్తూ నవ్వుతూ కాఫీ కలిపింది. వినీల్ ఆమె కప్పు లాక్కుని గ్లాసు ముందుకు జరిపాడు.

"నువ్వెప్పుడైనా ఊదావా?"

తోమి, తుడిచి మురిసిపోవడమే తప్ప ఆమె ఎన్నడూ ఊదలేదు. అందుకుని ఊదింది. ముగ్గురూ ఊపిరి బిగబట్టి వంగి చూశారు. ఆకుపచ్చగా వెలిగింది.

"ఇంక కాఫీ ఇచ్చెయ్యరా," అన్నారు తాతగారు, "చల్లారిపోతోంది."