పది అడుగులకోసారి

పాపాఘ్ని వరదకు వంతెన కూలిన ఏడాది అది. భార్య మహబూబ్‌బీకి ఊపిరాడడం లేదని మున్వర్ ప్రొద్దుటూరులో మందు కొనుక్కుని వస్తున్నాడు. చిలమకూరు దాటాక, చీకట్లో సైకిల్ చైను తెగి చక్రంలో ఇరుక్కుపోయింది.

ఎవరో నలుగురు వచ్చారు.

"యాడికి మామా?"

"ఇంటికప్పా. మా ఆడామె శానా ఆయాసపడతాంది."

సైకిల్‌ను భుజాలకెత్తుకున్నారు. జనాజాలో శవాన్ని మోసేవాళ్లలా పది అడుగులకోసారి భుజం మార్చుకుంటూ నడిచారు. దారి మాత్రం ఎవరూ అడగలేదు.

గుమ్మం ముందు దించారు. మున్వర్ లోపలికి ఉరికి మందు పట్టించాడు. ఆమెకు ఊపిరి తిరిగింది.

బయటినుంచి ఒకడు మెల్లగా అడిగాడు.

"అయితే మేము వట్టి భుజాలతో పోవాల్నా మామా?"

మున్వర్ గడియ వేశాడు. వెళ్లిపోతున్న అడుగుల చప్పుడు వినపడలేదు.

తెల్లారగానే పెరటి గోడ రాళ్లు పీకి, ఆమెను తన వీపున మోసుకుని అటుగుండా బయటికి తీసుకుపోయాడు.